‘ఇరుసు’ కోసం నేను నడిపిన కార్లు

మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ నివాసి, డెబ్బై నాలుగేళ్ల జ్ఞానప్రసూన అనే నేను, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, బాగా కోపంగా ఉన్నప్పుడు రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. అమలు జరిపే బాధ్యత మా అమ్మాయి వర్షది.

1. నా కారు వర్షకు. షరతు: నెలకోసారి వాళ్ల నాన్నగారిని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మా వారు విశ్వనాథం గారు హైవే ఎక్కరు. ఈ దేశం వచ్చిన ఏడాది మంచులో కారు జారినప్పటి నుంచీ భయం. నలభై ఏళ్లుగా తెలుగులో కార్ల మంచిచెడ్డలు చెబుతున్న ‘ఇరుసు’ పత్రిక వ్యవస్థాపకుడి సంగతి ఇది.

2. నా ముప్పై ఆరు నోటుపుస్తకాలు సర్వహక్కులతో వర్షకే. వెయ్యి మైళ్లు నడపనిదే ఏ కారు గురించీ రాయకూడదని పత్రిక నియమం. ఆ మైళ్లన్నీ నేను నడిపాను. నూట నలభై ఒక్క కార్లు. రాసిందీ నేనే. కింద పేరు మాత్రం ఆయనది. నాది డిపెండెంట్ వీసా, పని చేయకూడదు. పేరు అచ్చులో కనబడితే పంపించేస్తారని ఇద్దరం భయపడ్డాం. గ్రీన్ కార్డ్ రాగానే మారుద్దామన్నారు. 1991లో వచ్చింది. “రీడర్స్ నా పేరుకి అలవాటు పడిపోయారు ప్రసూనా, ఇప్పుడు చేంజ్ చేస్తే కన్‌ఫ్యూజ్ అవుతారు” అన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది.

3. ఇప్పటి సంపాదకుడు దివాకర్‌కు నా పెసరట్ల పెనం. నలభయ్యో వార్షిక సంచికలో పత్రిక చరిత్ర పద్దెనిమిది పేజీలు రాశాడు. అందులో నేను ఒకే వాక్యం: సమావేశాలకు వేడివేడి పెసరట్లు అందించిన ఇల్లాలు. అడిగితే, “స్పేస్ సరిపోలేదు వదినా, నెక్స్ట్ టైమ్ డెఫినెట్‌గా వేస్తా” అన్నాడు. ఇంకో నలభై ఏళ్లకు కాబోలు. నా గురించి అతనికి తెలిసింది పెనం వరకే గనుక, పెనం అతనికి.

4. నేను ఆ కార్లు నడుపుతుంటే పక్క సీట్లో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్న నా స్నేహితురాలు నళినికి నా ఉన్ని చేతితొడుగులు. ఎంత వేగంగా వెళ్లినా నెమ్మది అనని మనిషి అదొక్కతే. దాని వేళ్లెప్పుడూ చల్లగా ఉండేవి.

5. ఇల్లు, అందులోని సామాను మా వారికి. మందుల డబ్బా ఎలా సర్దాలో రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఆయన చెడ్డవారు కారు. చెడ్డవారైతే ఎప్పుడో పోట్లాడి ఉండేదాన్ని. అదే నా కడుపుమంట.

6. నేను పోయాక వచ్చే మొదటి సంచికలో ఒక సవరణ వేయాలి: ఆ కార్లన్నీ నడిపిందీ, వాటి గురించి రాసిందీ జ్ఞానప్రసూన. దివాకర్ కాదంటే, చందాదారుల చిరునామాలు నా బీరువాలో ఉన్నాయి, వర్ష ఆ సవరణను అందరికీ పోస్టు చేయాలి. పెద్దాయన బాధపడతారు, ఆయన కూడా పోయాక చూద్దామని నలుగురూ చెబుతారు. ఆగకూడదు. మొదటి ప్రతి ఆయన చేతికే ఇవ్వాలి. ఆయన చదవాలి.

ట్రాయ్, 14 మార్చి 2026

(సంతకం) జ్ఞానప్రసూన

సాక్షులు:
జగన్మోహన్, ఎదురింటివారు
దేదీప్య, వారి కోడలు