వర్జిల్ అమ్మబోయిన ఎర్ర గొట్టం

డార్లీన్,

నీ కోసం కొన్న గ్యాస్ కొలిమి షెడ్డులో పెట్టించాను. గ్యాస్ తెరిచి, ఎక్కడైనా కారుతోందేమో బిగింపులన్నిటికీ సబ్బునీళ్లు రాసి చూడు. ఒక్క బుడగ వచ్చినా సిలిండర్ కట్టేయి. తలుపులు రెండూ బార్లా తెరిచి ఉంచు.

కమ్మరుల సంతలో వర్జిల్ తన ట్రక్కు వెనక తలుపు దించి సామాన్లు అమ్ముతున్నాడు. కొలిమి చవకే. కానీ దానికి తగిలించిన ఎర్ర గొట్టం మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. "ఇది గాలి కొట్టే గొట్టం, గ్యాస్‌ది కాదు" అన్నాను.

"ఏదైనా ఒకటేలే పెద్దమ్మా!" అన్నాడు.

"అయితే మీ ఇంట్లో పొయ్యికి తగిలించుకో నాయనా!"

సంతంతా నవ్వింది. వర్జిల్ వెంటనే ట్రక్కులోంచి అసలు గ్యాస్ గొట్టం, ఒత్తిడి చూపించే ముల్లున్న రెగ్యులేటరు తెచ్చి అదే ధరకి ఇచ్చాడు. బడి మొహం చూడని మీ అమ్మ గెలిచిందే తల్లీ!

ఓపల్ పిన్నిని చూసి నాలుగింటికల్లా వస్తాను. ఓవెన్‌లో ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన 'పై' ఉంది, తిను.

ఇంకో మాట. మీ నాన్ననీ, అన్ననీ ఈ గుమ్మంలోంచే కాటికి సాగనంపాను. నువ్వు షెడ్డు దాకా వెళ్లినా నా ప్రాణం కొట్టుకుంటుంది. నేను వచ్చేదాకా వెలిగించకు. మొదటి మంట నేనే అంటిస్తాను.

అమ్మ