జావాకు పోయే ముందు

అక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. జావాలో తోలుబొమ్మలాడించే ఆమె అప్పుడు నిన్ను రమ్మని పిలిచింది గదా, ఇప్పుడు నన్ను పిలిచింది.

ఆ మాట చెప్తానే పెద్దనాయన ఎగిరినాడు. "ఆడపిల్లవి, పరాయి దేశంలో ఏమన్నా అయితే ఎవరమ్మే నీకు దిక్కు? ఇంటి పట్టున బొమ్మలకు రంగులేసుకోని ఉండు." నీకు చెప్పిన మాటే, ఒక్క ముక్క మార్చల్యా.

నాకు ఒళ్లు మండింది. "ఆ ఊరెట్లుంటాదో ఎవర్నన్నా అడిగినావా?" అన్నా. యాడ అడిగినాడు! నీకోసమూ ఎవరూ అడగలేదు. భయపడినారు, నీ పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళమేసినారు, అంతే. జావాలో బొమ్మలాట తెరకు రెండు పక్కలా జనం కూర్చుంటారంట, ఒక్కసారి చూడాల అని నువ్వు తోలు గీకుతా ఎన్నిసార్లు చెప్పింటావో.

నేనే ఆమెకు ఫోన్ చేసినా. ఇద్దరిదీ ముక్కల ఇంగ్లీషే. విమానం దిగే చోటికి కూతుర్ని పంపిస్తాదంట. పడక వాళ్లింట్లోనే. చీకటి పడినాక ఒంటరిగా తిరగొద్దనింది, కుళాయి నీళ్లు తాగొద్దనింది. ఇంత చిన్న సంగతి అక్కా. నీకోసం ఒక్కరూ అడగకపోయిరే.

మాటలు అయిపోతాంటే ఆమె నవ్వి, "మరి మీ ఊరొస్తే నేను దేనికి భయపడాల?" అనింది.

మన శెనక్కాయ చేన్లోనే పాము కరిచి నువ్వు పోయినావని చెప్పనీకి నాకు నోరు రాలేదు.

"ఎండకు" అని చెప్పినా.