పేరు పిలిచి కట్టిన నక్షత్రం

మణుగూరు,
డిసెంబరు 26.

బావకు నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మ, మీ చెల్లి సరళ, నేను బాగున్నాం. పుణెలో మీరూ అట్లాగే ఉన్నారనుకుని ఇది రాస్తున్నాను.

అత్తమ్మ మోకాలి సంగతి అడిగారు. దవాఖానాలో ఇచ్చిన మందు రాస్తే నొప్పి తగ్గింది. తగ్గిందని మళ్ళీ కట్టెలకు పోతోంది. చెప్పినా వినదు. మీరు పనిచోట నడుముకు తాడు కట్టుకుంటున్నారా? కట్టే బిల్డింగులో పద్నాలుగో అంతస్తు మీద పని అని చెప్పినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

ఫోన్‌లో ఊ అనడం తప్ప మాట్లాడవేం అని కూడా రాశారు. మీ గదిలో అందరూ వింటారు. ఇక్కడ అత్తమ్మ పక్కనే కూర్చుంటుంది. కాగితం మీదైతే నాకు సిగ్గు ఉండదు.

మన పక్కింటి నిర్మలాదేవి అక్క వాళ్ళ చర్చిలో ఒక పద్ధతి ఉంది. దూరాన పనిచేసేవాళ్ళ కోసం ఇంటివాళ్ళు గుడ్డతో నక్షత్రం కుట్టి, వాళ్ళ పేరు పైకి పిలిచి క్రిస్మస్ చెట్టుకు కడతారు. క్షేమంగా ఉండాలని అందరూ ప్రార్థన చేస్తారు. "మీ ఆయనకు గూడ ఒకటి చెయ్ ద్వాలీ. మీరు ఏ ఇంటోళ్ళు అని దేవుడు అడుగుతడా" అంది అక్క. మీ పాత ఎర్ర లుంగీ కత్తిరించాను. కోప్పడకండి, ఎట్లాగూ అంచు చిరిగింది.

పేరు వేయడానికి అక్క బంగారు రంగు వినైల్ షీటు ఇచ్చింది. వెనకవైపు అక్షరాలు తిరగేసి గీసి, కత్తిరించి, గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేస్తే అంటుకుంటుంది. నేను అలవాటుకొద్దీ గుడ్డ మీద నీళ్ళు చిలకరించాను. షీటు మీదుండే ప్లాస్టిక్ పొర తీయగానే అక్షరాలు దానితోపాటే లేచి వచ్చాయి. "చొక్కా అనుకున్నవా ఏంది" అని అత్తమ్మ ఒకటే నవ్వు. పొడి గుడ్డ మీద మళ్ళీ చేస్తే బాగా వచ్చింది. మీ పేరులోని వత్తు మాత్రం సన్నగా ఉండి ఊడుతూనే ఉంది.

ఇంతసేపూ చెప్పలేకపోయిన మాట ఇది. మగని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ పెళ్ళినాడే చెప్పింది. అందుకే సరళతో పిలిపిద్దామనుకున్నాను. తను బస్సు దొరక్క కొత్తగూడెంలో ఆగిపోయింది. నిన్న రాత్రి చర్చిలో నా వంతు వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకేమో మీ పద్నాలుగో అంతస్తే కళ్ళ ముందు. నక్షత్రం అత్తమ్మ చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. నా చెవి దగ్గర మెల్లగా అంది:

"మీ మామ పేరు నేను ఏనాడూ ఎత్తలే. అయినా బతికిండా? నా కొడుక్కి పేరు పెట్టిందే పిలువనీకి. పిలువ్ బిడ్డా."

పిలిచాను. మొదట పక్కనున్న అక్కకు కూడా వినబడలేదు. మళ్ళీ పిలిచాను. నక్షత్రం కట్టాను.

ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది. పొద్దున మీ ఫోన్ వచ్చేదాకా పొయ్యి కూడా ముట్టించలేదు. "తిన్నవా" అన్నారు. ఆ గొంతు వింటే చాలనిపించి ఊ అన్నాను. అది ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

ఇదివరకు కవరు మీద మీ పేరు సరళ రాసేది. ఈసారి నేనే రాశాను. ఇక్కడ కూడా ఒకసారి రాస్తాను. భద్రు.

తాడు కట్టుకోవడం మరవకండి.

ఇట్లు,
మీ భార్య,
ద్వాలి