గొర్రెల పడవకు ఎనిమిది హెచ్‌పీ మోటారు

కడప జిల్లా, మైలవరం డ్యాం వెనక నీళ్ల ఒడ్డున కాపురముంటున్న, కీర్తిశేషులు గురప్ప గారి భార్య నాగులమ్మ అనే నేను, మోకాళ్లు తప్ప మిగతా ఒళ్లంతా బాగుండి, బుద్ధి పూర్తిగా నా స్వాధీనంలో ఉండి, ఎవరూ భయపెట్టకుండా, ఎవరూ బతిమాలకుండా, జమ్మలమడుగులో దస్తావేజులు రాసే అబ్దుల్ వాహిద్ గారి ఎదురుగా కూర్చుని చెప్పి రాయించుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. కోపంలోనో, సంతోషంలోనో ఎవరితోనైనా 'అంతా నీకే రాసిస్తా' అని ఉంటే అది చెల్లదు.

ఆస్తి వివరాలు మాత్రం చెప్తే చాలని వాహిద్ గారు అంటున్నారు. ఆస్తి ఎట్లా వచ్చిందో, ఒకరికి ఎందుకు పోతుందో, ఇంకొకరికి ఎందుకు పోవడం లేదో చెప్పకపోతే రేపు జనం తలా ఒక కథ అల్లుతారు. కాబట్టి నేను చెప్పింది చెప్పినట్టే రాయమని కోరినాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని సరే అన్నారు.

1. నా పేరున ఉన్న ఇల్లు, దాని వెనక గొర్రెల దొడ్డి, పట్టా ఉన్న మెట్టచేను, ఇవి నా ఒక్కగానొక్క కొడుకు వెంకటకృష్ణకు చెందవలెను. వాడు ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పని చేస్తాడు, ఆదివారం ఆదివారం ఇంటికి వస్తాడు. వాడికి నీళ్లంటే భయం. చిన్నప్పుడు వాళ్ల నాయన ఎత్తి పడవలో కూర్చోబెడితే జమ్మలమడుగు దాకా వినబడేటట్టు ఏడ్చినాడు. అందులో తప్పేమీ లేదు. ప్రతి మనిషికీ ఏదో ఒక భయం ఉంటుంది, నాకు బల్లులంటే భయం. పడవ తనకు రాయనందుకు వాడు నొచ్చుకోడు, లోలోపల సంతోషిస్తాడు.

2. గొర్రెల మందలో సగం వెంకటకృష్ణకు, సగం కోడలు ఉమాదేవికి. లెక్కలో సగాలే గానీ మందను చీల్చొద్దు, కలిపే మేపుకోవలెను. ముందు నడిచే నల్ల మేకపోతు ఎవరి వాటాలోనూ చేరదు. దాన్ని అమ్మకూడదు, కోయకూడదు, ముసలిదై తనంతట తాను పోయేదాకా మేపవలెను. అది ముందు ఎక్కితేనే గొర్రెలు పడవ ఎక్కుతాయి. ఇంతమందిమి అరిచి, తోసి చేయించలేని పనిని అది నోరు తెరవకుండా చేసి పెడుతుంది.

3. నాటుపడవ, దానికి తగిలించే ఎనిమిది హెచ్‌పీ పెట్రోలు మోటారు, పెట్రోలు డబ్బాలు, తెడ్లు, తాళ్లు, నీళ్లు తోడే చెంబుతో సహా నా కోడలు ఉమాదేవికి, ఆమె ఒక్కదానికే, పూర్తి హక్కులతో చెందవలెను.

ఇందుకు కారణాలు కొంచెం పెద్దవి. ఎండాకాలం డ్యాంలో నీళ్లు దిగినకొద్దీ అవతలి ఒడ్డున తడి నేల బయటపడి పచ్చగడ్డి మొలుస్తుంది. మా ఒడ్డున అప్పటికి ముళ్లకంప తప్ప ఏమీ మిగలదు. మందను చుట్టు తిప్పి నడిపిస్తే చేరేసరికి సగం గొర్రెలు కుంటుతాయి. అందుకని మా ఊరి గొర్రెలు పడవలో గడ్డికి పోతాయి. వినేవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి. పడవ ఆగితే మా ఊర్లో గొర్రెలు నిలబడవు, ఎంతకో ఒకంతకు అమ్ముకోవలసిందే.

నా పెనిమిటి ఉన్నప్పుడు పడవకు కిరసనాయిలు మోటారు ఉండేది. రేషన్లో కిరసనాయిలు ఆగిపోయినాక దానికి తిండి దొరకడమే కష్టమైంది. ఆయన పోయిన తర్వాత నేను దాన్ని బతిమాలుతూ నడిపించినాను. ఒక మార్చి నెలలో నడినీళ్లలో పొగ కక్కి నిలిచిపోయింది. జమ్మలమడుగులో మోటార్లు బాగుచేసే వలి బాషా, కువైట్లో పడవల రేవులో పని చేసి వచ్చినవాడు, విప్పి చూసి 'పెద్దమ్మా, దీని పని అయిపోయింది. కొత్తది తెచ్చుకో' అన్నాడు.

కొత్త మోటారు అనగానే ఊరంతా నాకు గురువులైనారు. మా వైపు మోటారంటే బోరు మోటారే. బోరు ఎంత లోతుంటే మోటారు అంత పెద్దది కావాలి, పైపు ఎంత కిందికి దిగితే అంత మేలు. ఈ లెక్క మాకు పుట్టుకతో వస్తుంది. ఆ బోరు లెక్కనే తెచ్చి పడవ మోటారుకు తగిలించినారు. అందరికంటే గట్టిగా చెప్పినవాడు నా మరిది హరికృష్ణ. ఆయన మామగారికి పులివెందుల దగ్గర చీనీతోట ఉంది, అక్కడ బోర్లు పాతాళానికి పోతాయి. 'వదినా, డ్యాం అంటే ఎన్ని నీళ్లు? ఎనిమిది హెచ్‌పీతో మా తోటలో తొట్టి కూడా నిండదు. ఇరవై ఐదు లేకుంటే పడవ కదల్దు. నీళ్లలోకి దిగే కాడ కూడా శానా పొడుగుది తీస్కో, లోతుకు పోతేనే బలం వస్తాది' అన్నాడు. బోరు మోటారు నీళ్లను పైకి తోడాలి, పడవ మోటారు పడవను ముందుకు తొయ్యాలి, రెండూ ఒకటి కాదు అన్నాను. 'మోటార్ల సంగతి ఆడోళ్లకు ఏం తెలుస్తాది' అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, అందుకే ఇక్కడ రాయిస్తున్నాను.

మోటారు కొనడానికి నేను, ఉమాదేవి, వలి బాషా నెల్లూరికి పోయినాము. వలి బాషా ఇల్లాలు మైమూన్ దారికి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టి ఇచ్చింది. అంగడాయన 'పడవలో ఏం వేస్తారమ్మా, వలలా?' అని అడిగినాడు. గొర్రెలు అన్నాను. ఆయన నవ్వి నవ్వి, అది చాలక పక్క అంగడాయనను కూడా పిలిచి నవ్వించినాడు. నవ్వడం అయిపోయేదాకా ఆగినాను.

వలి బాషా నాలుగు స్ట్రోకుల మోటారు చూపించి, పెట్రోలు తక్కువ తాగుతుంది, చప్పుడు తక్కువ, ఇదే మేలు అన్నాడు. అతను చెప్పింది నిజమే. నా లెక్క వేరు. మా ఒడ్డున మోటారును పడవకు వదిలేసి వస్తే తెల్లారి అది ఉండదు. సాయంత్రం విప్పి, భుజాన వేసుకుని, గట్టెక్కి ఇంటికి తేవాలి. పొద్దున మళ్లీ మోసుకుపోవాలి. నా పెనిమిటి ఉన్నన్నాళ్లు ఆయన మోసినాడు. ఇప్పుడు మోసేది ఆడవాళ్లం. కాబట్టి హెచ్‌పీ గిచ్‌పీ పక్కన పెట్టండి, ముందు ఎత్తి చూస్తాను అన్నాను.

కుంటే గొర్రెను ఎట్లా ఎత్తుతామో అట్లా వంగి ఒక్కొక్క మోటారునే పట్టుకున్నాను. ఇరవై ఐదు కదలనే లేదు. వలి బాషా మెచ్చింది మోకాళ్ల దాకా వచ్చి అక్కడే మొండికేసింది. మూలనున్న రెండు స్ట్రోకుల ఎనిమిది హెచ్‌పీ, పొట్టి కాడది, భుజానికి వచ్చి కూర్చుంది. ఒక పొట్టేలంత బరువు. దాన్ని దింపి ఉమాదేవిని ఎత్తమన్నాను. ఆమెది వేముల దగ్గర ఊరు, మా ఇంటికి వచ్చేదాకా తొట్టిలో తప్ప నీళ్లు చూడని పిల్ల. నన్ను చూసింది, మోటారును చూసింది. కొంగు దోపుకుని ఎత్తి భుజాన పెట్టుకుని, అంగడి గడప దాటి, రోడ్డు చివరిదాకా పోయి తిరిగొచ్చింది. నవ్వినవాళ్లే పక్కకు జరిగి దారి ఇచ్చినారు. నాకు ఆనందంతో ఏడుపు వచ్చింది, చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను. ఇదే ఇయ్యండి అన్నాను. నా తర్వాత పడవ ఎవరిదో ఆ అంగట్లోనే తేలిపోయింది. ఈరోజు దాన్ని కాగితం మీద పెట్టిస్తున్నాను, అంతే.

4. పై హక్కు మీద నా మరిది హరికృష్ణకు అభ్యంతరం ఉన్నది. 'పడవ మా అన్నది. నీ తర్వాత నాకు రావాల. రాకుంటే కోర్టుకు పోతా' అని పోయిన నెల నలుగురిలో అన్నాడు. కోర్టుకు పోతే తీర్పు వచ్చేదాకా పడవ ఒడ్డున బోర్లా పడి ఉంటుంది. ఆ లోపల ఎండాకాలాలు ఆగవు, మంద మిగలదు. బల్లుల తర్వాత నాకున్న భయం ఇదొక్కటే. అందువల్ల జరిగింది జరిగినట్టు జడ్జి గారు చదువుకోవడానికి రాయిస్తున్నాను.

మేము నెల్లూరి నుంచి మోటారుతో ఒడ్డుకు వచ్చేసరికి, మా మరిది తనకు తెలిసిన చేపల కాంట్రాక్టరు దగ్గర ఇరవై ఐదు హెచ్‌పీ మోటారు అడిగి తెచ్చి, మా పడవకే బిగించి, తన గొర్రెలను ఎక్కించి సిద్ధంగా ఉన్నాడు. మేకపోతు లేనిదే అవి ఎక్కవు గనుక ఒక్కొక్కదాన్నీ కాళ్లు పట్టి ఎత్తి వేయించినాడు. ఊరంతా గట్టు మీదే ఉంది. ఉమాదేవి భుజాన ఉన్నదాన్ని చూసి 'ఏంది వదినా, మోటారు తెస్తావనుకుంటే మిక్సీ తెచ్చినావే' అన్నాడు. అందరూ నవ్వినారు.

తాడు లాగినాడు. మోటారు గర్జించింది. ఒప్పుకోవాలి, మంచి గొంతే. పడవ ముక్కు ఆకాశానికి లేచింది. లారీ ఒక్కసారిగా లాగితే గొర్రెలు వెనక్కి జారుతాయని మా వాళ్లలో తెలియనివాళ్లు లేరు. మా మరిదికీ తెలుసు, ఆ రోజు బోరు తలకెక్కి మరిచిపోయినాడు. గొర్రెలన్నీ జారి వెనకకు చేరినాయి. అసలే అక్కడ మోటారు బరువు. వెనక పలక మునిగి నీళ్లు లోపలికి వచ్చినాయి. పొడుగు కాడ పోయి అడుగు బురదలో దిగబడింది, పడవ ఉన్నచోటే కూర్చుంది. ఒడ్డు దగ్గరే గనుక గొర్రెలన్నీ ఈదుకుంటూ వచ్చేసినాయి, ఒక్కటీ పోలేదు. మా మరిది మాత్రం నడుముల లోతు నీళ్లలో, ఒక గొర్రెపిల్లను నెత్తి మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంత వణికినా ఆ పిల్లను తడవనీయలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం. ఈ మాట కూడా ఉండాలి, వాహిద్ గారు కొట్టేయకూడదు.

ఆ పెద్ద మోటారును విప్పి ఒడ్డుకు చేర్చడానికి ముగ్గురు మగవాళ్లు కావలసి వచ్చింది. మాది తగిలించడానికి ఉమాదేవి ఒక్కతే చాలింది. మేకపోతు ఎక్కింది, దాని వెనకాల గొర్రెలు ఎక్కినాయి. మా మోటారు కుట్టుమిషను మాదిరి టకటకలాడుతూ, పడవ ముక్కు లేవకుండా, ఎవరినీ తొందరపెట్టకుండా అవతలి ఒడ్డుకు పోయింది. ముందు మా మరిది గొర్రెలనే దాటించినాము, తడిసి వణుకుతున్నాయి గనుక. పొద్దు గుంకేలోపల ఊరి మంద మొత్తం గడ్డిలో ఉంది. గట్టు మీద ఒకరు ఈల వేసినారు, ఇంకొకరు తలగుడ్డ ఎగరేసినారు. నేను అంత హాయిగా నోరు మూసుకున్న రోజు నా బతుకులో ఇంకొకటి లేదు.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం ఈ మోటారే మమ్మల్ని దాటించింది. మా మరిది గొర్రెలు కూడా అందులోనే పోతాయి. ఆయన మాత్రం ఈరోజు దాకా 'ఎనిమిది చాలు' అన్న మాట అనలేదు. గొర్రెలను ఎక్కిస్తాడు, ఆకాశం వైపు చూస్తాడు, పోతాడు. ఆ రెండు మాటలు వినకుండానే నేను పోతానేమో.

5. ఈ మోటారుకు కూడా ఒక రోజు కాలం చెల్లుతుంది. అప్పుడు ఉమాదేవి ఎవరి మాటా వినకుండా కొత్తదాన్ని తానే ఎత్తి చూసి కొనవలెను. పొట్టి కాడదే తీసుకోవలెను, నీళ్లు దిగినప్పుడు అడుగున తుమ్మ మొద్దులు తగులుతాయి. రెండు స్ట్రోకులదైతే పెట్రోలులో నూనె కొలిచే కలపవలెను, పప్పులో ఉప్పు వేసినట్టు కంటి అంచనాతో వేయకూడదు. ఇది నీకే చెప్తున్నా ఉమా, నీ పప్పు నేను తిన్నాను. తన తర్వాత మోసేవాళ్ల చేత కూడా ఎత్తించి చూసుకోవలెను.

6. పాత కిరసనాయిలు మోటారు నా మరిది హరికృష్ణకు చెందవలెను. అది తిరగదు. దాని పిడి మీద వాళ్ల అన్న వేళ్లు ఆనిన చోట అరిగి గుంటలు పడి ఉన్నాయి. ఆయన పడవ పడవ అని కొట్లాడేది ఆ గుంటల కోసమేనేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. (ఈ అంశం కొట్టివేయడమైనది. కారణం చివర చూడవలెను.)

7. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత వలి బాషాది. అతని ఇల్లాలు మైమూన్ సాక్షి సంతకం చేస్తుంది. సాక్షిగా ఉన్నవాళ్లకు ఆస్తి రాయకూడదని వాహిద్ గారు చెప్పినారు. అందుకని నా వెండి కడియాలు నిన్ననే ఆమె చేతులకు తొడిగేసినాను, అవి ఇప్పుడు నా ఆస్తి కాదు. నన్ను సాగనంపే రోజు ఎండాకాలమైతే ముందు గొర్రెలను దాటించి, ఆ తర్వాత నా సంగతి చూడవలెను.

చదివి వినిపించిన తర్వాత చేర్చినది: వాహిద్ గారు పైదంతా చదువుతుండగా నా మరిది హరికృష్ణ వచ్చి గుమ్మంలో నిలబడినాడు. ఎవరు కబురు పెట్టినారని నేను అడగలేదు, వలి బాషా ముఖం చూస్తే తెలిసింది. మిక్సీ దగ్గర నుంచి గొర్రెపిల్ల దాకా, దాని తర్వాత ఆరో అంశం దాకా, నిలబడే విన్నాడు. వాళ్ల అన్న పిడి మాట వచ్చినప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మేము పిలిచిన రెండో సాక్షి ఇంకా రాలేదు. అప్పుడు ఆయన 'ఆరోది కొట్టేయప్పా. నాకేమీ రాయొద్దు. సాక్షి సంతకం నేను పెడతా. రేపు ఈ పడవ మీదికి ఎవురన్నా వస్తే కోర్టులో నిలబడి చెప్పేది నేనే' అన్నాడు. వాటా కోసం కోర్టుకు పోతానన్న మనిషి, ఏ వాటా రాని చోట సంతకం పెడతానన్నాడు. ఆయన కోరినట్టే ఆరో అంశం కొట్టివేయించినాను. పాత మోటారును మాత్రం అందరి ఎదుట ఇప్పుడే నోటిమాటగా ఇచ్చేసినాను. సాయంత్రం వచ్చి తీసుకుపోవలెను.

పైదంతా విని, సరిగ్గా ఉన్నదని ఒప్పుకుని, నా చేత్తో సంతకం చేస్తున్నాను.

జమ్మలమడుగు, 2024 నవంబరు 18, సోమవారం.

నాగులమ్మ వ్రాలు

దస్తావేజు రాసినవారు: అబ్దుల్ వాహిద్

సాక్షులు:

1. మైమూన్, వలి బాషా ఇల్లాలు

2. హరికృష్ణ, గురప్ప తమ్ముడు. ఎనిమిది చాలు వదినా.