మధ్య పేజీలు

చిన్నమ్మడికి,

ఎలా ఉన్నావే? అల్లుడుగారి మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోమను. బాబుకి దగ్గు పోయిందా? మీ అత్తగారు మాత్రలు మింగుతున్నారా, దిండు కింద దాస్తున్నారా? ఇక్కడ మీ అన్నయ్య, వదిన కులాసా. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. బాగోనిది నీ మేనకోడలు, మన పిచ్చుక ఒక్కతే.

జ్వరంతో మంచాన పడి ఏడాది చదువు పోగొట్టుకుందా, దాని జతవాళ్ళు ఆఖరి తరగతి ముగించి వెళ్ళిపోతున్నారు. ఇదేమో తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుంటోంది. వెళ్ళిపోయేవాళ్ళు ఏటా ఫొటోలతో పుస్తకం వేస్తారు కదా. అందులో ఆటలని, పాటలని, టీచర్లని భాగాలుంటాయి. ఒక భాగం అయి ఇంకొకటి మొదలయ్యే చోట వచ్చే బొమ్మల పేజీలు దీన్ని వెయ్యమన్నారు. నేను సంతోషించాను. అది మాత్రం, "ఏ భాగంలోనూ నా ఫొటో లేదు నానమ్మా. జాలిపడి మధ్య పేజీలు నా మొహాన కొట్టారు" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

పోనీ ఏం గీస్తోందో చూద్దామంటే పువ్వు లేదు, మనిషి లేదు. కాగితాల నిండా పెన్సిలుతో నల్లగా రుద్ది పెట్టింది. పిల్ల మనసు ఇలా అయిపోయిందా అని నాకు అన్నం సహించడం లేదు. పైగా సెలవులయ్యాక బడికి వెళ్ళదట, ఇంట్లోంచే చదివి పరీక్షలు రాస్తుందట. నాన్నకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. అత్తకు చెప్పొద్దని అనలేదు కాబట్టి నీకు రాస్తున్నాను. నీ దగ్గర దానికి చనువు. ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళ్ళవే. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, నీ చెవులకు గాలి పడదు.

మీ అమ్మ

*

అమ్మడూ,

వచ్చే వారమే బయల్దేరుతున్నానని రాశావు. ఆగు. నువ్వు కంగారు పడకు, కంగారు పడటానికి నేనున్నాను.

ముందు ఆ నల్ల కాగితాల సంగతి చెబుతాను. ఉండబట్టలేక అడిగేశాను. పిచ్చుక నవ్వి, ఒక కాగితం మన వీధి తలుపు మీద పరిచి, "కదలకుండా పట్టుకో" అంది. పెన్సిలు పడుకోబెట్టి రుద్దితే తలుపు మీది గీతలన్నీ కాగితంలోకి వచ్చేశాయి! బడిలో ఆటస్థలం గోడ, లైబ్రరీ బల్ల, పాటల గది నేల, అన్నీ అలాగే తెచ్చిందట. నేను ముక్కు ఆనించి చూస్తే నలుపే కనబడింది. దూరం నుంచి చూస్తే నిజంగా గోడే! "ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గడప దాటమూ? ఇవి గడపలు నానమ్మా" అంది.

ఆదివారం దాని పాత స్నేహితురాళ్ళిద్దరు వచ్చారు. అందులో పొడుగుపిల్ల కాగితాలు చూసి, "చోటంతా దండగ. వీటి మీద మా ఫొటోలు నాలుగు వేసేద్దామే" అంది. అంతే! మన పిచ్చుక లేచింది.

"ముట్టుకున్నావంటే వేళ్ళు విరగ్గొడతా! పుస్తకమంతా మీ మొహాలేగా, ఈ కాస్తా వదలరా?"

"అమ్మో, ఏడాదిగా పలకరిస్తే ఊఁ అనలేదు. ఇప్పుడు చూడు ఎలా అరుస్తోందో!"

"మంచాన పడింది నేను, నా నోరు కాదు!"

వంటింట్లోంచి వింటున్న నాకు ఎంత హాయిగా ఉందో! మీ వదిన ఆపబోతే చెయ్యి పట్టుకుని నేనే ఆపాను. కాసేపటికి పొడుగుపిల్ల మెల్లగా, "జాలిపడి ఇచ్చామనుకున్నావా? పోయినేడు పుస్తకంలో ఆ పేజీలు చూసి అందరూ నవ్వారు. మాలో ఎవరికీ చేతకాకే నీ దగ్గరికి వచ్చాం" అంది. పిచ్చుక కాగితాలు తీసి దాని చేతిలో పెట్టింది. తరవాత ముగ్గురూ కింద కూర్చుని కాగితాలు వరస పెట్టుకున్నారు.

మర్నాడు ప్రెస్సుకు తనే వెళ్ళింది. అక్కడ మధ్య పేజీలన్నీ ఎడమ వైపు పెట్టారట. పేజీ తిప్పగానే ఎదురుగా కుడివైపు కనబడాలని వాదించి మార్పించి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా, "వచ్చే ఏడు మా క్లాసు పుస్తకం మొత్తం నేనే వేస్తా నానమ్మా. వాళ్ళలో ఒక్కరికీ తిన్నగా గీత గియ్యడం రాదు" అంది.

"ఇంట్లోంచే చదువుతానన్నావుగా?" అన్నాను, భయపడుతూనే.

"ఇంట్లో కూర్చుంటే పుస్తకం ఎవరు వేస్తారు, నువ్వా?" అంది.

చూశావా దాని పొగరు! దిష్టి తగులుతుందేమోనని ఇప్పుడు నాకు కొత్త బెంగ.

నువ్వు నచ్చజెప్పడానికి రానక్కర్లేదు, చూడటానికి రా. పుస్తకం పంచే రోజున అత్త తన పక్కన ఉండాలట. అది పద్నాలుగో తారీఖు, శనివారం.

మీ అమ్మ