స్వరూప వదిన పెన్సిల్ జవాబులు

వదినా,

పప్పు కడిగి కుక్కర్‌లో పోశాను, పొయ్యి మీద పెట్టడమే. అవ్వకు తిన్నాక మోకాళ్ల నొప్పుల గోళీ ఇవ్వు. బోరు నీళ్లు అడుగుతుంది, వినకు, ఫిల్టర్ నీళ్లే ఇవ్వు.

నేను మర్రిగూడలో నెట్ సెంటర్‌కు పోతున్నాను. యూనివర్సిటీ పీజీ ఎంట్రెన్స్‌కు దరఖాస్తు పెట్టడానికి ఈరోజే ఆఖరు. నీ పెట్టెలోని డిగ్రీ మెమోలు కూడా తీసుకున్నాను. అడగకుండా తీసినందుకు కోపం చేయకు.

నా మోడల్ పేపర్లలో నువ్వు పెన్సిల్‌తో జవాబులు పెట్టి, మళ్లీ చెరిపేస్తున్నావు. వెలుతురుకు పట్టి చూస్తే గీతలు కనబడతాయి వదినా. నిన్నటి పేపర్లో నాకంటే నీకే ఎక్కువ మార్కులు వచ్చాయి. పత్తి ఏరి వచ్చి, గిన్నెలు తోమి, ఎప్పుడు చేశావో!

అన్నను అడిగాను. "నేను వద్దంటనా? మీ వదిన ఒక్కపారన్న నోరు తెరిచి అడిగిందా?" అన్నాడు. అవ్వేమో, "ఇద్దరు వోతే నాకు గోళీ ఎవరిస్తరే?" అని నవ్వింది.

నీ ఫారం నింపుతాను కానీ, నువ్వు ఒప్పుకోకుండా పంపను. మూడు గంటలకు నీ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. పది నిమిషాలే పనిచేస్తుంది. ఇంట్లో సిగ్నల్ అందదు, మిద్దె ఎక్కు. ఇష్టమైతే ఆ అంకెలు నాకు ఫోన్ చేసి చెప్పు. లేకపోతే ఏమీ అనను, మెమోలు మళ్లీ పెట్టెలో పెట్టేస్తాను.

మల్లిక

మరిచాను. పెన్సిల్ నీ దిండు కిందే పెట్టాను. రబ్బరు మాత్రం నేను పట్టుకుపోతున్నాను.