నోటితో చేసిన చప్పుడు

మార్చి 3, సాయంత్రం
నడుం పోయాక వాషింగ్ మెషీన్లు విప్పే పనీ పోయింది. కంపెనీవాళ్లు జాలిపడి చాట్ సీట్లో కూర్చోబెట్టారు. కస్టమర్లు మొర పెట్టుకుంటారు, నేను రెడీమేడ్ వాక్యాలు నొక్కుతా. ఇవాళ పదకొండు మంది అడిగారు, నువ్వు మనిషివా, ప్రోగ్రామ్‌వా అని.

మార్చి 5
కంపెనీ రూలు ప్రకారం ప్రోగ్రామ్‌నే అని చెబుతున్నా. ఒకాయన మనిషిని పిలవమని గోల పెట్టాడు. రెండు నిమిషాలాగి మళ్లీ నేనే వచ్చా. హమ్మయ్య, మనిషి దొరికాడన్నాడు. పక్క సీటు అమ్మాయి కడుపుబ్బ నవ్వింది. నాకే నవ్వు రాలేదు.

మార్చి 6
ఒళ్లంతా బరువు.

మార్చి 11
చాట్‌లోకి మా అక్క వచ్చింది. పేరు, అడ్రస్ అన్నీ అవే. ఆ ఇంట్లో మెషీన్ బిగించింది నేనే.
మాటల్లేక రెండేళ్లు. అప్పట్లో తమాషాకి బావకి ఫోన్ చేసి, గొంతు మార్చి, పెద్దాఫీసరులా నీ ఉద్యోగం ఊడిందన్నా. నేనే బావా అనేలోపు మనిషి కుప్పకూలాడు. బతికాడు. నా గడప తొక్కావంటే చూడు అంది అక్క.
ఇవాళ ముందు అదే అడిగింది, మనిషివా అని. కాదన్నా. బతికించావు, మనుషులతో విసిగిపోయాను అంది. మెషీన్ ఒకటే మోతట. బాగుచేసే తమ్ముడున్నాడు గానీ పిలవదట. ఎందుకని అడగడానికి రెడీమేడ్ వాక్యం లేదు. సొంతంగా టైప్ చేశా. మా ఆయన ఎప్పుడో మర్చిపోయాడు, నాకే మనసు రావడం లేదంది.
 ఏదో ఒకటి రాయాలి కదా. పాతికేళ్లుగా అక్క ఇంటితో సహా ఏ ఇంటికెళ్లినా ముందు ఒకటే అడిగేవాణ్ణి, చప్పుడు ఎలా వస్తోందో నోటితో చేసి చూపించమని. దాంతోనే రోగం తెలిసేది. అలవాటుకొద్దీ అదే టైప్ చేశా.
అవతల నుంచి చాట్ కట్. 

మార్చి 12
సూపర్‌వైజర్ పిలిచి, నోటితో చప్పుడు చేయమనే ప్రోగ్రామ్ ఎక్కడైనా ఉంటుందా పెద్దాయనా అని చిరాకుపడ్డాడు. తలూపా. అక్కని మళ్లీ మోసం చేశా. ఈసారి తమాషాకి కూడా కాదు.

మార్చి 14, ఉదయం 10.20
అదే అడ్రస్. గడగడగడ, కీచ్, గడగడ. అంతే రాసింది. కాసేపటికి ఇంకో లైను. ఆదివారం రమ్మంది. మెట్లెక్కాలి, నడుం బెల్టు మర్చిపోకు అంది.
నా నడుం సంగతి ఎవరు చెప్పారో!

మార్చి 16
మెషీన్‌లో బేరింగే పోయింది.
తలుపు కొడితే ఎవరది అంది అక్క. మనిషినేనక్కా అన్నా. గొంతు మార్చలేదు.